ప్రకృతి విపత్తులు – జాతీయ సంతాప చిహ్నాలు

భూకంపం, సునామీ, తుపాను, వరద, కొండచరియలు విరిగిపడటం వంటి విపత్తుల్లో పెద్ద సంఖ్యలో ప్రాణాలు పోయినప్పుడు ఒక దేశం తన దుఃఖాన్ని నలుగురికీ కనిపించేలా, వినిపించేలా తెలియజేసే గుర్తులే జాతీయ సంతాప చిహ్నాలు. సగానికి దించిన జెండా, ఊరంతా ఒక్కసారిగా పాటించే మౌనం, సైరన్ మోత, నల్ల రిబ్బను, కొవ్వొత్తి, పేర్లు చెక్కిన గోడ, కూలిన చోటే వదిలేసిన కట్టడం – ఇవన్నీ ఈ కోవలోకి వస్తాయి. వీటిలో కొన్ని ప్రభుత్వ ఉత్తర్వుతో పుట్టి, ఆ ఉత్తర్వులోని గడువుతోనే ముగుస్తాయి. మరికొన్ని బాధితుల వీధుల్లో పుట్టి తరాలపాటు నిలుస్తాయి.

ఇంట్లో మనిషి పోతే ఏం చేయాలో ప్రతి కుటుంబానికీ తెలుసు. దినవారాలున్నాయి, దగ్గరుండి జరిపించే పెద్దలున్నారు. వేలమంది ఒక్క పూటలో పోయినప్పుడు, కర్మ చేయడానికి ఒక్క వారసుడైనా మిగలని ఇళ్లు ఊరూరా ఉన్నప్పుడు, ఆ బాధ్యత సమాజం మొత్తం మీద పడుతుంది. జాతీయ సంతాపం అవసరం అక్కడే మొదలవుతుంది.

చారిత్రక నేపథ్యం

జెండాను సగానికి దించే ఆచారం ఓడల మీద పుట్టింది. 1612లో హార్ట్స్ ఈజ్ అనే ఆంగ్లేయుల ఓడ నాయకుడు ప్రయాణంలో చనిపోతే జెండా దించి నడిపారన్నది తరచూ ఉదహరించే తొలి ఘటన. పైన ఖాళీగా వదిలిన చోట మృత్యువు జెండా కంటికి కనిపించకుండా ఎగురుతుందని నావికులు భావించేవారని చెబుతారు. ఆ తర్వాత ఈ మర్యాద రాజులకూ దేశాధినేతలకూ దక్కింది. బహిరంగ మౌనం కూడా యుద్ధం నుంచి వచ్చిందే. మొదటి ప్రపంచయుద్ధం ముగిసి ఏడాదైన సందర్భంగా 1919 నవంబరు 11న రెండు నిమిషాల మౌనం పాటించాలని బ్రిటన్ రాజు ఐదో జార్జి పిలుపునిచ్చాడు.

అంటే ఈ రెండు ముఖ్య చిహ్నాలూ మొదట పాలకుల కోసం, సైనికుల కోసం ఏర్పడ్డాయి. విపత్తులో పోయేది రైతులు, జాలర్లు, కూలీలు, బడిపిల్లలు. వాళ్ల కోసం దేశం జెండా దిగడానికి చాలాకాలం పట్టింది. 1755 నవంబరు 1న భూకంపం, సునామీ, మంటలు కలిసి లిస్బన్ నగరాన్ని ధ్వంసం చేశాయి. దానికి నేటికీ మిగిలిన గుర్తు పైకప్పు లేకుండా నిలిచిన కార్మో మఠం తోరణాలు. 1923 సెప్టెంబరు 1న జపాన్‌లో వచ్చిన కాంతో భూకంపంలో లక్షకు పైగా చనిపోయారు. టోక్యోలో ఒకే మైదానంలో తలదాచుకున్న సుమారు 38 వేలమంది మంటల సుడిగాలికి బలైన చోట 1930లో స్మారక మందిరం పూర్తయింది. 1988 డిసెంబరు 7న ఆర్మేనియాలోని స్పితాక్ ప్రాంతంలో భూకంపం సుమారు 25 వేలమందిని బలితీసుకున్నప్పుడు సోవియట్ యూనియన్ డిసెంబరు 10ని సంతాప దినంగా పాటించింది.

మలుపు: చైనా, 2008

సామాన్యుల మరణానికి రాజ్యం తలవంచడం ఎంత పెద్ద మార్పో చైనా చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. 1976లో ఆ దేశం జనవరిలో ప్రధాని చౌ ఎన్‌లైని, సెప్టెంబరులో మావోను పోగొట్టుకుంది. ఆ రెండు మరణాల మధ్య, జులై 28 తెల్లవారుజామున, తంగ్‌షాన్ నగరం భూకంపానికి నేలమట్టమైంది. 2,40,000 మందికి పైగా చనిపోయారు. దేశవ్యాప్త సంతాపం నాయకులకు జరిగింది. తంగ్‌షాన్ మృతుల సంఖ్య మాత్రం 1979 దాకా బయటికి రాలేదు.

2008 మే 12 మధ్యాహ్నం 2:28కి సిచువాన్ రాష్ట్రంలో వచ్చిన భూకంపంలో 69 వేలమందికి పైగా మరణించారు, సుమారు 18 వేలమంది గల్లంతయ్యారు. మే 19 నుంచి 21 వరకు ప్రభుత్వం జాతీయ సంతాప దినాలు ప్రకటించింది. భారీ ప్రాణనష్టం కలిగించిన విపత్తులకు జెండాను అవనతం చేయవచ్చని ఆ దేశపు 1990 పతాక చట్టంలోనే ఉంది. ప్రకృతి విపత్తు మృతుల కోసం దేశమంతటా ఆ నిబంధన అమలు కావడం అదే మొదటిసారి. మే 19కి భూకంపం వచ్చి వారం. చనిపోయినవారికి ఏడో రోజున చేసే క్రతువుకు చైనా ఇళ్లలో ప్రత్యేక స్థానం ఉంది. మనకు పెద్దకర్మ ఎలాగో వాళ్లకు ఏడో రోజు అలాగ.

ఆ తెల్లవారుజామున బీజింగ్‌లోని తియనన్మెన్ కూడలిలో జెండాను స్తంభం చివరిదాకా ఎగరేసి, తర్వాత సగానికి దించారు. సరిగ్గా 2:28కి దేశమంతా మూడు నిమిషాలు ఆగిపోయింది. మనుషులు తల వంచి నిలబడితే కార్లు, రైళ్లు, ఓడలు ఏకధాటిగా హారన్ మోగించాయి, వైమానిక దాడుల సైరన్లు వాటితో గొంతు కలిపాయి. ఒలింపిక్ జ్యోతి యాత్ర మూడు రోజులు ఆగింది. పత్రికలు, వెబ్‌సైట్లు రంగులు వదిలి నలుపు తెలుపుల్లోకి మారాయి. 2010లో యూషూ భూకంపానికీ, ఝౌచూ బురద ప్రవాహానికీ ఇదే పద్ధతి పాటించారు. తంగ్‌షాన్‌కు న్యాయం ఆలస్యంగా జరిగింది: అక్కడి స్మారక ఉద్యానంలో 2,40,000కు పైగా మృతుల పేర్లు చెక్కిన పొడవాటి గోడ లేచింది.

ప్రధాన చిహ్నాలు

అవనత పతాకం. జెండాను నేరుగా సగంలో కట్టరు. ముందు స్తంభం చివరిదాకా ఎగరేసి, క్షణం ఆగి, ఆ తర్వాత కిందికి తెస్తారు. దించేటప్పుడు మళ్లీ పైకి తీసుకెళ్లి దించుతారు. జపాన్‌లో జెండాను దించడానికి బదులు కర్ర చివర నల్ల గుడ్డ కట్టే పద్ధతీ ఉంది. సౌదీ అరేబియా జెండా మీద మతవిశ్వాస వాక్యం ఉన్నందున దాన్ని ఎన్నడూ అవనతం చేయరు. సంతాపం ఎన్ని రోజులన్నది ఆయా దేశాల నిర్ణయం. 2015 భూకంపానికి నేపాల్, 2023 భూకంపానికి మొరాకో మూడేసి రోజులు పాటించాయి. 2023 ఫిబ్రవరి 6 భూకంపాలకు తుర్కియే ఏడు రోజులు పాటించింది. 2021 జులై వరదల తర్వాత బెల్జియం జులై 20న ఒక్కరోజు సంతాపం పాటించి, మరునాటి జాతీయ దినోత్సవ సంబరాలను తగ్గించుకుంది.

మౌనం. జెండా దించడానికి ఒక ఉద్యోగి చాలు. మౌనానికి దారినపోయే ప్రతి మనిషీ ఆగాలి. 2004 డిసెంబరు 26న హిందూ మహాసముద్రంలో వచ్చిన సునామీలో ఐరోపా పర్యాటకులు కూడా పెద్ద సంఖ్యలో చనిపోయారు. స్వీడన్ ఒక్కటే 543 మందిని కోల్పోయింది. 2005 జనవరి 5 మధ్యాహ్నం ఐరోపా సమాఖ్య దేశాలన్నీ మూడు నిమిషాల మౌనం పాటించాయి. శ్రీలంకలో ఏటా డిసెంబరు 26 ఉదయం 9:25 నుంచి 9:27 వరకు దేశమంతా మౌనం పాటిస్తారు. 2004లో అక్కడి పెరలియ దగ్గర అలల్లో చిక్కుకున్న రైల్లోనూ దాని చుట్టూ వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఏటా ఆ తేదీన ఆ మార్గంలో వెళ్లే రైలు పెరలియలో ఆగుతుంది.

ఆగిన గడియారం. యుద్ధానికి తేదీ ఉంటుంది, భూకంపానికి నిమిషం ఉంటుంది. అందుకే విపత్తు సంతాపంలో గడియారానికి ఇంత చోటు. ఆర్మేనియాలోని గ్యుమ్రీలో గడియారం 11:41 దగ్గర, తుర్కియేలోని అదియమన్ గడియార స్తంభం 4:17 దగ్గర ఆగిపోయి ప్రజల జ్ఞాపకంలో నిలిచాయి. సిచువాన్‌లోని ఇంగ్‌షియూలో కూలిన బడి ముందు 2:28 చూపే గడియారపు శిల్పం ఉంది. మెక్సికో నగరంలో 1985 సెప్టెంబరు 19 భూకంపం జ్ఞాపకంగా ఏటా అదే రోజు ఉదయం 7:19కి ప్రధాన కూడలిలో జెండాను అవనతం చేస్తారు. 2023 ఫిబ్రవరి 26న ఇస్తాంబుల్‌లో బెషిక్తాష్ జట్టు ఫుట్‌బాల్ ఆటను 4 నిమిషాల 17 సెకన్ల దగ్గర ఆపారు. ప్రేక్షకులు వెంట తెచ్చుకున్న బొమ్మలను మైదానంలోకి విసిరారు. ఎలుగుబంట్లు, కుందేళ్లు, మెడకు మఫ్లర్ చుట్టిన గుడ్డబొమ్మలు – చూస్తుండగానే పచ్చిక అంచులు నిండిపోయాయి. అవన్నీ భూకంప ప్రాంతపు పిల్లల కోసం.

రంగు, వెలుగు. భారతదేశం, చైనా, నేపాల్ సంప్రదాయాల్లో మరణానికి తెలుపే రంగు. ఐరోపా నుంచి వచ్చిన నలుపు నేడు ప్రపంచమంతటా అధికారిక సంతాపానికి గుర్తయింది. తెలుగునాట నల్ల బ్యాడ్జీకి నిరసన అర్థం కూడా ఉంది. విపత్తుల తర్వాత ఈ రెండు భావాలూ ఒకే ఛాతీ మీద కనిపించడం అరుదు కాదు. దీపానికి మాత్రం అన్నిచోట్లా ఒకే అర్థం. 1995 జనవరి 17 తెల్లవారుజామున 5:46కి వచ్చిన భూకంపంలో 6,434 మంది చనిపోయిన కోబె ప్రాంతంలో ఏటా అదే వేళకు పార్కులో వెదురు దీపాలు వెలిగిస్తారు.

పేరు, ఖాళీ కుర్చీ. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో 2011 ఫిబ్రవరి 22న భూకంపం 185 మందిని బలిగొంది. పీటర్ మజెండీ అనే కళాకారుడు 185 కుర్చీలకు తెల్లరంగు వేసి ఖాళీ స్థలంలో వరుసగా పేర్చాడు. ఏ రెండూ ఒకేలా లేవు. భోజనాల బల్ల దగ్గరి కుర్చీ ఒకటి, ఆఫీసు కుర్చీ ఒకటి, మెత్తటి వాలుకుర్చీ ఒకటి, చక్రాల కుర్చీ ఒకటి, కారులో పసిబిడ్డను కూర్చోబెట్టే సీటు ఒకటి. సంఖ్యగా విన్నప్పుడు 185 చిన్నదే అనిపించవచ్చు. ఆ చిన్న సీటు ముందు నిలబడినవారికి అలా అనిపించదు. ఆ నగరవాసులు ఏటా ఆ రోజున రోడ్డు మీది నారింజరంగు ట్రాఫిక్ కోన్లలో పూలు గుచ్చుతారు. కూలిన ఊరిని ఏళ్లపాటు తిరిగి కట్టుకుంటున్నంత కాలం ప్రతి మలుపులో కనిపించిన వస్తువు అదే మరి.

శిథిలం. నేపాల్ రాజధానిలోని ధరహరా బురుజు 2015 ఏప్రిల్ 25న కూలిపోయింది. 2021లో కొత్త బురుజు కట్టినా పాతదాని మొండి మొదలును అలాగే ఉంచారు. చైనాలో 2008 భూకంపానికి కూలిన బేయ్‌చువాన్ పాత పట్టణాన్ని మొత్తంగా శిథిలాలతో కాపాడుతున్నారు. జపాన్‌లోని రికుజెంతకాతలో 2011 సునామీకి సముద్రపు ఒడ్డున ఉన్న సుమారు 70 వేల పైన్ చెట్లు కొట్టుకుపోగా ఒక్కటి నిలబడింది. ఉప్పునీటికి వేర్లు కుళ్లి అదీ చనిపోతే, మాను పడిపోకుండా భద్రపరిచి నిలబెట్టారు.

2004 సునామీ: ఒకే అల, ఎన్నో ఆచారాలు

2004 డిసెంబరు 26 సునామీలో హిందూ మహాసముద్ర తీర దేశాల్లో రెండు లక్షలకు పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది ఇండోనేషియాలోని ఆచే ప్రాంతం వారు. ఆ ప్రాంతపు రాజధాని బందా ఆచేలో 2009లో ప్రారంభమైన సునామీ మ్యూజియానికి రిద్వాన్ కామిల్ రూపకల్పన చేశారు. లోపలికి అడుగుపెట్టగానే ఇరుకైన చీకటి దారి. రెండు వైపులా ఎత్తయిన గోడల మీద నుంచి నీళ్లు జారుతుంటాయి, ఆ చప్పుడు తప్ప మరేమీ వినిపించదు. కాస్త ముందుకెళితే బావిలాంటి గుండ్రని గది, చుట్టూ గోడలపై మృతుల పేర్లు, చాలా ఎత్తున ఒకే ఒక్క వెలుగు. ఊళ్లో మరోచోట 2,600 టన్నుల విద్యుత్ ఉత్పత్తి నౌక ఇళ్ల మధ్య ఉంది. రెండు మూడు కిలోమీటర్ల దూరం నుంచి దాన్ని అల మోసుకొచ్చింది. ఆచే జాలర్లు డిసెంబరు 26న వేటకు వెళ్లరు. తమిళనాడు తీరంలో జాలరి కుటుంబాలు ఆ రోజు సముద్రంలో పాలు పోసి, పూలు వదులుతాయి. తమవారిని తీసుకెళ్లిన సముద్రమే తమకు అన్నం పెట్టే సముద్రం కూడా. ఆ రెండు నిజాలూ ఆ చెంబెడు పాలలో ఇమిడిపోతాయి.

భారతదేశంలో

భారత పతాక నియమావళిలో అవనతానికి సంబంధించిన పట్టిక పదవుల వారీగా ఉంటుంది: రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, ప్రధాని మొదలు గవర్నర్లు, ముఖ్యమంత్రుల దాకా. విపత్తు మృతులకు సంతాప దినాలు ప్రకటించాలంటే ప్రభుత్వాలు ప్రత్యేకంగా నిర్ణయం తీసుకోవాలి. 2024 జులై 30న వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల గ్రామాలను కొండచరియలు ముంచెత్తినప్పుడు కేరళ రెండు రోజులు సంతాపం ప్రకటించి జెండాలు అవనతం చేసింది. గుర్తు తెలియని మృతదేహాలను, శరీర భాగాలను పుత్తుమలలో సర్వమత ప్రార్థనలతో పూడ్చిపెట్టారు. సమాధిరాళ్ల మీద పేరు ఉండాల్సిన చోట డీఎన్‌ఏ నమూనా సంఖ్యలు రాశారు. పరీక్షల ఫలితాలు వచ్చాక కొన్నింటికి పేర్లు దక్కాయి. సంఖ్య పక్కకు పేరు చేరడం చిన్న విషయం కాదు. ఆ రాయి దగ్గర కూర్చుని ఏడవడానికి అప్పుడు ఒక కుటుంబానికి హక్కు వస్తుంది.

2001 జనవరి 26 ఉదయం 8:46కి గుజరాత్‌లోని కచ్ భూకంపం వచ్చేసరికి అంజార్ పట్టణంలో బడిపిల్లలు గణతంత్ర దినోత్సవ ఊరేగింపులో ఉన్నారు. ఇరుకు వీధిలో రెండు వైపుల నుంచీ భవనాలు కూలి 185 మంది పిల్లలు, 20 మంది ఉపాధ్యాయులు చనిపోయారు. వారి పేరిట అక్కడ వీర్ బాలక్ స్మారక్ ఉంది. భుజ్ పక్కన భుజియా కొండ మీద 470 ఎకరాల్లో వెలసిన స్మృతివనాన్ని 2022 ఆగస్టు 28న ప్రారంభించారు. వాననీటిని పట్టే 50 చెక్‌డ్యాముల గోడల మీద సుమారు 13 వేలమంది మృతుల పేర్లున్నాయి. నీటికి మొహం వాచిన కచ్ నేలలో పోయినవారి పేర్ల పక్కన నీళ్లు నిలవడం కంటే తగిన తర్పణం మరొకటి లేదు.

తెలుగు నేల: దివిసీమ

1977 నవంబరు 19న కృష్ణా డెల్టా చివరనున్న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. అధికారిక లెక్క ప్రకారమే సుమారు 10 వేలమంది చనిపోయారు. అంతకు ఎన్నో రెట్లని చెప్పేవారూ ఉన్నారు. సొర్లగొంది వంటి పల్లెల్లో వందలమంది ఒక్క రాత్రిలో పోయారు. ఆ దుఃఖానికి తెలుగువారి మనసులో మిగిలిన గుర్తు జోలె. నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావు సినీరంగంలోని తోటివారితో కలిసి జోలె పట్టి ఊరూరా తిరిగారు. వెండితెర మీద రాజులుగా చూసినవాళ్లు వీధిలోకి వచ్చి చేయి చాచినప్పుడు జనం చేతనైనంత వేశారు. అవనిగడ్డ సమీపంలో అల చివరిగా చేరిన చోట స్మారకం కట్టారు. అటు సముద్రం, ఇటు ఊరు, మధ్యలో నీటి హద్దు చెప్పే గుర్తు. 2004 సునామీలోనూ ఆంధ్ర తీరం వందమందికి పైగా ప్రజలను కోల్పోయింది.

విమర్శలు, వివాదాలు

సంతాప చిహ్నం జవాబుదారీతనానికి తెర కాకూడదన్నది ప్రధాన విమర్శ. సిచువాన్‌లో చుట్టూ ఉన్న భవనాలు నిలిచినా బడులు కూలిన చోట్ల, నాసిరకం నిర్మాణం మీద తల్లిదండ్రులు ప్రశ్నలు వేశారు. కళాకారుడు ఐ వెయ్‌వెయ్ స్వచ్ఛంద కార్యకర్తలతో ఇంటింటికీ తిరిగి 5 వేలకు పైగా విద్యార్థుల పేర్లు సేకరించారు. 2009లో మ్యూనిక్‌లోని ప్రదర్శనశాల ముఖభాగాన్ని 9 వేల బడిసంచులతో కప్పారు. 2024 అక్టోబరు 29న స్పెయిన్‌లోని వలెన్సియా వరదల తర్వాత ప్రభుత్వం మూడు రోజులు సంతాపం ప్రకటించింది. జనం మనసులో నిలిచిన దృశ్యం మాత్రం చీపుర్లు, పారలు భుజాన వేసుకుని వంతెన దాటి బురద ఊళ్లకు నడిచి వెళ్లిన వేలాది వాలంటీర్లది. హెచ్చరిక ఆలస్యంగా వచ్చిందంటూ అదే జనం వీధికెక్కి నిలదీశారు.

రెండో విమర్శ, ఎవరి మరణానికి జెండా దిగుతుందన్నది. రాజధానికి దూరంగా, ఏటా కొద్దికొద్దిగా ప్రాణాలు తీసే వరదలకు, వడగాడ్పులకు సంతాప దినాలు ఉండవు. దుఃఖంలో మాత్రం ఆ కుటుంబాలకు తేడా ఏమీ లేదు.

సంతాపం నుంచి సంసిద్ధతకు

చాలా దేశాల్లో సంతాప దినం క్రమంగా సన్నద్ధత దినంగా మారింది. కాంతో భూకంపం వచ్చిన సెప్టెంబరు 1ని జపాన్ 1960 నుంచి విపత్తు నివారణ దినంగా పాటిస్తోంది. చైనా మే 12ను 2009 నుంచి అలాగే పాటిస్తోంది. 1999 పెను తుపానుకు సుమారు 10 వేలమందిని పోగొట్టుకున్న ఒడిశా అక్టోబరు 29న సన్నద్ధత దినం జరుపుతుంది. 2013లో ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు ఆ రాష్ట్రం లక్షలమందిని ముందే తరలించి మరణాలను పదుల సంఖ్యకు తగ్గించింది. మెక్సికోలో సెప్టెంబరు 19న ఉదయం జెండా దించాక దేశవ్యాప్తంగా భూకంప కసరత్తు చేస్తారు. 2017లో ఆ కసరత్తు ముగిసిన రెండు గంటలకే నిజమైన భూకంపం వచ్చింది. దివిసీమ తర్వాత ఆంధ్ర తీరం వెంట తుపాను రక్షణ కేంద్రాలు లేచాయి. 1990 మేలో మరో తీవ్ర తుపాను వచ్చినప్పుడు లక్షన్నర మందికి పైగా తీరప్రజలను ఖాళీ చేయించారు. అప్పటి మృతులు వెయ్యిలోపే.

జపాన్ ఈశాన్య తీరంలో అనెయోషి అనే చిన్న పల్లె ఉంది. 1933 సునామీలో ఊరు దాదాపు తుడిచిపెట్టుకుపోయాక మిగిలినవాళ్లు కొండవాలు మీద ఒక రాయి పాతారు. దీనికి దిగువన ఇల్లు కట్టవద్దని దాని మీద చెక్కించారు. వాళ్ల పిల్లలు, మనవలు ఆ మాట విన్నారు. 2011 మార్చి 11న సముద్రం మళ్లీ వచ్చి, ఆ రాయికి సుమారు వంద మీటర్ల దిగువనే ఆగిపోయింది. పైనున్న ఇళ్లు చెక్కుచెదరలేదు.